గాజు గ్లాసులో బుడగ, వేంపల్లెలో బండ: కిరణజన్య సంయోగక్రియను కళ్ళారా చూడటం ఎలా

కడపలో నాది చేపల తొట్ల అంగడి. పదహారేళ్ళుగా గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు, వాటి మేత, గాలి మోటార్లు, రంగు గులకరాళ్ళు అమ్ముతూ బతుకుతున్నాను. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను గానీ ఆ చదువుతో అంగట్లో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. పడింది. బడులు తెరిచిన నెలకల్లా పదో తరగతి పిల్లలు పుస్తకాల సంచులతోనే వచ్చి, "అన్నా, హైడ్రిల్లా ఉందా? పది రూపాయలకివ్వు" అంటారు. మూడో రోజు అవే ముఖాలు మళ్ళీ కనిపిస్తాయి, "బుడగలు రావడం లేదన్నా" అంటూ. హైడ్రిల్లా అంటే తొట్లలో వేసే నీటినాచు. నా నాచులోనే ఏదో లోపముందని వాళ్ళ అనుమానం. నాచులో ఏ లోపమూ లేదు. లోపం ఎక్కడుందో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి విసుగెత్తి ఇది రాస్తున్నాను.

ఇంకో కారణమూ ఉంది. బుడగలు వచ్చాయని సంబరపడుతూ వచ్చిన పిల్లలను "ఆ బుడగలో ఉన్న ఆక్సిజన్ ఎక్కడిది?" అని అడుగుతాను. దాదాపు అందరూ "కార్బన్ డయాక్సైడ్‌ది" అంటారు. వెంట వచ్చిన నాన్నలదీ అదే జవాబు. "చెట్లు బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని ప్రాణవాయువు వదులుతాయి" అని చిన్నప్పటి నుంచి మనందరం వల్లించిన వాక్యం చేసిన చేటు అది. వాక్యం అబద్ధం కాదు. కానీ విన్నవాడికి చెట్టు ఒక జల్లెడలా తోస్తుంది: లోపలికి వెళ్ళిన వాయువులో బొగ్గును పట్టుకుని, మిగిలినదాన్ని బయటికి వదిలేస్తున్నట్టు. జరిగేది అది కాదు. మొక్క నీటిని చీలుస్తుంది. ఆ బుడగ నీటిది.

బుడగలు రప్పించడం

మొదట నీళ్ళ సంగతి. సగం మంది ఇక్కడే బోల్తా పడతారు. నేనూ పడ్డాను. కొన్నేళ్ళ క్రితం ఒక బడిలో ఈ ప్రయోగం చేసి చూపించమని పిలిచారు. పెద్ద గాజు బీకరు, గరాటు, పరీక్షనాళిక, మంచి నాచు, అన్నీ సర్దుకుని వెళ్ళాను. నీళ్ళు తేటగా ఉంటే పిల్లలకు బాగా కనబడుతుందని దారిలో ఒక మినరల్ వాటర్ క్యాను కూడా కొన్నాను. గంటసేపు ఎండలో పెట్టినా ఒక్క బుడగ పైకి రాలేదు. నలభై మంది పిల్లలు నాచును చూడటం మానేసి నా ముఖం చూడటం మొదలుపెట్టారు. చివరికి ఆయమ్మ ఒకావిడ "బోరు నీళ్ళు పోసి చూడు సార్" అంది. పోశాను. పావుగంటలో బుడగల వరుస మొదలైంది.

కారణం ఇది. క్యాను నీళ్ళను శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం నీటిలోని లవణాలతో పాటు బైకార్బనేట్‌ను కూడా తీసేస్తుంది. నీటిలో మునిగి బతికే మొక్కకు కార్బన్ అందేది నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి, ఈ బైకార్బనేట్ నుంచి. అవి లేకుండా ఎంత వెలుగు పోసినా, బియ్యం లేని ఎసరు కింద మంట పెట్టినట్టే. మన కడప బోరు నీళ్ళను అందరూ తిట్టేవాళ్ళే. గీజర్లు పాడవుతాయి, గిన్నెల అడుగున తెల్ల పెచ్చు కడుతుంది, జుట్టు రాలుతుందని కూడా అంటారు. ఈ ప్రయోగానికి మాత్రం వాటిని మించినవి లేవు. బోరు నీళ్ళు దొరకకపోతే లీటరు నీటికి పావు చెంచా వంటసోడా కలపండి. అంతకు మించి వద్దు.

నాచు రెమ్మలు జానెడు పొడవున్నవి ఐదారు తీసుకోండి. చివర్లు లేత పచ్చగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగినవి పనికిరావు. కాడను నీటిలో ముంచి పట్టుకుని కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోయండి. గోటితో తుంచితే కాడలోని గాలి గొట్టాలు నలిగి మూసుకుపోతాయి, బుడగకు దారి ఉండదు. కోసిన కొసలన్నీ పైకి ఉండేలా గరాటు కింద పేర్చండి. పరీక్షనాళికను నిండా నీటితో నింపి, బొటనవేలితో మూసి, నీటిలోనే బోర్లించి గరాటు గొట్టం మీద తొడగండి. పరీక్షనాళిక లేకపోతే సన్న మూతి ఉన్న మందు సీసా చాలు.

ఉదయం ఎనిమిదికి ఎండలో పెట్టి పదిన్నరకల్లా నీడకు తెచ్చేయండి. మన ఊరి మధ్యాహ్నపు ఎండలో గ్లాసెడు నీళ్ళు ఎంత వేడెక్కుతాయో మీకు తెలుసు. నాచు ఉడికిపోతుంది. పైగా నీళ్ళు వేడెక్కితే అందులో కరిగి ఉన్న గాలే బయటికి వచ్చి గ్లాసు గోడకు చిన్న చిన్న పూసల్లా అంటుకుంటుంది. చాలామంది వాటిని చూసి ప్రయోగం ఫలించిందనుకుంటారు. అందుకే పక్కన నాచు లేకుండా ఉత్త నీళ్ళ గ్లాసు ఒకటి పెట్టుకోవాలి. గోడకు పట్టిన పూసలు రెండింటిలోనూ వస్తాయి. కోసిన కాడ కొస నుంచి దండ గుచ్చినట్టు ఒకదాని వెంట ఒకటి లేచేవి మాత్రం నాచున్న గ్లాసులోనే వస్తాయి. అవే అసలువి.

వరుస కుదిరాక లెక్క పెట్టండి. రాత్రి అంగడి కట్టేశాక నేను 12 వాట్ల ఎల్‌ఈడీ బల్బుతో చూశాను. దీపం జానెడు దూరంలో ఉంటే నిమిషానికి ముప్పై బుడగలు, రెండు జానలకు జరిపితే పదకొండు. దీపం ఆర్పితే అర నిమిషంలో ఆగిపోయాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ మొదలు. వెలుగును బట్టి ఆడే ఆ బుడగలను చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. జగదీశ్ చంద్ర బోస్ అంతటివాడు ఈ హైడ్రిల్లాతోనే ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, బుడగలు తమంతట తామే నమోదయ్యే పరికరం తయారు చేసుకుని, 1924లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారు.

రోజుకు రెండు గంటల చొప్పున మూడు ఉదయాలు పెడితే నాళికలో సగం వరకు వాయువు చేరుతుంది. నాళికను బొటనవేలితో మూసి బయటికి తీసి, మంట ఆర్పి నిప్పు కణిక మాత్రం మిగిల్చిన అగరుబత్తిని లోపల పెట్టండి. భగ్గున మండకపోయినా కణిక ఒక్కసారిగా తెల్లగా మెరుస్తుంది. వాయువు తక్కువగా ఉంటే అదీ జరగదు. తొందరపడి మొదటి రోజే చూసి నన్ను నిందించవద్దు.

బుడగ ఎవరిది?

నీటిలో ముంచిన ఆకుల నుంచి లేచే బుడగలను పట్టి పరీక్షించే పద్ధతి యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడిది. 1779 వేసవిలో ఇంగ్లండులో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఐదు వందలకు పైగా ప్రయోగాలు చేశాడు. వెలుగు ఉన్నప్పుడే, ఆకుపచ్చ భాగాల నుంచే ఈ వాయువు వస్తుందని తేల్చాడు. కానీ అది దేని నుంచి వస్తుందన్న ప్రశ్న ఇంకో నూట యాభై ఏళ్ళు సరిగ్గా తేలలేదు.

తేల్చే దారి చూపింది మొక్కలు కాదు, కుళ్ళిన కోడిగుడ్డు కంపులో బతికే బాక్టీరియా. 1930ల మొదట్లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త వాటిని గమనించాడు. అవీ వెలుగుతోనే బతుకుతాయి, కార్బన్ డయాక్సైడ్‌నే తింటాయి. కానీ ఆక్సిజన్ వదలవు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వాడుకుని గంధకం పొడి మిగులుస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌లో హైడ్రోజన్‌తో జతకట్టి ఉన్నది గంధకం. నీటిలో ఆ చోట ఉన్నది ఆక్సిజన్. అక్కడ మిగిలేది గంధకమైతే ఇక్కడ మిగిలే ఆక్సిజన్ నీటిదే కావాలి కదా అన్నాడు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిలో శైవలాలను పెంచి చూసింది. ఆ బరువు వాటి నుంచి వచ్చిన వాయువులో కనబడింది. బరువైన ఆక్సిజన్‌ను కార్బోనేట్‌లో పెట్టి ఇస్తే కనబడలేదు. దాంతో ఆ మాట ఖాయమైంది.

ఆ కంపు బాక్టీరియాను మీరు కూడా పెంచవచ్చు. నా దృష్టిలో ఇది నాచు ప్రయోగం కంటే గొప్పది, కానీ ఏ బడిలోనూ చేయరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి దీన్నే ముందు మొదలుపెట్టండి.

రెండు లీటర్ల పారదర్శక ప్లాస్టిక్ సీసా తీసుకోండి. చెరువు అడుగు నల్ల బురద కావాలి. నేను బుగ్గవంక నుంచి తెచ్చాను, అక్కడ కంపుకు కొదవ లేదు. బకెట్టులో బురదలోకి ఒక కోడిగుడ్డు పచ్చసొన, ఒక న్యూస్‌పేపరును నానబెట్టి పీలికలు చేసిన గుజ్జు, గుప్పెడు జిప్సం కలపండి. జిప్సం కోసం వెతుక్కోనక్కర లేదు, వేరుశనగ పెట్టే రైతు ఎవరింట్లోనైనా బస్తా ఉంటుంది. ఈ మిశ్రమాన్ని సీసాలో మూడు వంతులు కూరి, పైన చెరువు నీళ్ళు నాలుగు వేళ్ళ ఎత్తు పోసి, మూత వదులుగా పెట్టండి. బిగిస్తే వాయువు చేరి చిమ్ముతుంది. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. మా ఆవిడ మొదటి వారంలోనే సీసాను డాబా మెట్ల కిందికి సాగనంపింది. అక్కడి వెలుతురు కూడా సరిపోయింది.

రెండు వారాలకు బురద అంతా కాటుకలా నల్లబడుతుంది. అది ఇనుము, గంధకం కలిసిన రంగు. ఆరో వారం దాటాక గోడ వెంబడి మరకలు తేలతాయి. కింద ఆకుపచ్చ, దాని పైన నేరేడు పండు రంగు. అన్నిటికంటే పైన, నీటి అంచున, మామూలు పాచి పచ్చదనం. నేరేడు రంగు మరక మొదట వేలిముద్రంత కనబడి, పది రోజుల్లో అరచేయంత అవుతుంది. టార్చి వేసి దగ్గరగా చూస్తే సీసా గోడకు వెల్వెట్టు గుడ్డ అంటించినట్టు ఉంటుంది. ఈ సీసాలో పైపొర ఒక్కటే ఆక్సిజన్ చేస్తోంది. కింద ఉన్న రెండు రంగులూ వెలుగును తిని బతుకుతున్నా ఒక్క బుడగ కూడా వదలవు. వాటికి ఆక్సిజన్ తగలకూడదు. భూమి మీద మొదటి కిరణజన్య సంయోగక్రియ ఈ కింది పొరల పద్ధతిలోనే నడిచింది. నీటి జోలికి పోకుండా, హైడ్రోజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, నీటిలో కరిగిన ఇనుము లాంటి సులభంగా ఎలక్ట్రాన్లు ఇచ్చే సరుకులతో.

ఎర్రగా మెరిసే పాలకూర

నీటిని చీల్చడం మాటలు కాదు. ఆ శక్తి వెలుగు నుంచి ఎలా వస్తుందో ఒక్క చీకటి గదిలో చూడవచ్చు. గుప్పెడు పాలకూర ఆకులను తుంచి, మందుల అంగట్లో దొరికే స్పిరిట్టు కొద్దిగా పోసి నూరండి. పొయ్యి ఉన్న గదిలో వద్దు, స్పిరిట్టు ఆవిరి అంటుకుంటుంది. గంట ఆగి పాత పంచె గుడ్డతో వడకట్టి చిన్న గాజు సీసాలో పోయండి. ముదురు ఆకుపచ్చ ద్రవం వస్తుంది. ఇప్పుడు దీపాలార్పి, దొంగనోట్లను కనిపెట్టే ఊదారంగు టార్చిని దాని మీద వేయండి. ద్రవం నెత్తురులా ఎర్రగా మెరుస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు టార్చిలో తేడా ఉందనుకుని పక్క అంగడి టార్చి కూడా తెచ్చి వేశాను.

అదే టార్చిని నూరని ఆకు మీద వేస్తే కంటికి అలాంటి మెరుపేమీ తెలియదు. తేడా ఎందుకు? పత్రహరితం వెలుగును పట్టగానే దానిలో ఒక ఎలక్ట్రాన్ ఎగిరి పై మెట్టుకు చేరుతుంది. ఆకులో ఆ శక్తిని అందుకోవడానికి పక్కనే ఇంకో అణువు, దాని పక్కన ఇంకొకటి, చేతులు చాచి ఉంటాయి. స్పిరిట్టు ఆ అమరికనంతా చెరిపేసింది. అందుకునేవారు లేక ఎలక్ట్రాన్ తిరిగి కిందికి పడుతోంది, పడేటప్పుడు ఎర్రటి వెలుగుగా శక్తిని పారబోస్తోంది. అంటే మీరు చూస్తున్న ఎరుపు, మొక్క పోగొట్టుకున్న కూడు.

ఆకులో అలా పోదు. వందల పత్రహరిత అణువులు పట్టిన శక్తి చేతులు మారుతూ ఒక కేంద్రానికి చేరుతుంది. అక్కడి జంట అణువుల నుంచి ఎలక్ట్రాన్‌ను పక్కవాడు లాక్కుపోతాడు. ఎలక్ట్రాన్ పోయిన ఆ కేంద్రానికి ఉండే ఆకలి జీవరాశిలో మనకు తెలిసిన అన్ని ఆకలులనూ మించినది. దాని పక్కన నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం పరమాణువులు ఐదు ఆక్సిజన్లతో అల్లుకుని ఉంటాయి. 2011లో జపాన్ పరిశోధకులు దాని నిర్మాణాన్ని స్పష్టంగా చూసి వంకర కుర్చీలా ఉందన్నారు. కేంద్రం ఒక్కో ఎలక్ట్రాన్ కోసం ఈ కుర్చీ మీద చేయి చాస్తుంది. నాలుగుసార్లు ఇచ్చాక కుర్చీ తన అప్పును రెండు నీటి అణువుల నుంచి ఒక్కసారిగా వసూలు చేసుకుంటుంది. అప్పుడే ఒక ఆక్సిజన్ అణువు పుడుతుంది. ఇది ఊహ కాదు. 1969లో ఫ్రాన్సులో పియర్ జోలియో చీకట్లో ఉంచిన హరితరేణువుల (ఆకు కణాల్లో పత్రహరితం ఉండే పచ్చటి గుళికల) మీద వెలుగు మెరుపులు ఒక్కొక్కటిగా వేసి కొలిచాడు. మూడో మెరుపుకు ఆక్సిజన్ ఎక్కువగా వచ్చింది, ఆ తర్వాత ప్రతి నాలుగో మెరుపుకు మళ్ళీ ఎక్కువ. నాలుగుకు బదులు మూడుతో ఎందుకు మొదలైందంటే, చీకట్లో కూడా ఆ కుర్చీ అప్పటికే ఒక మెట్టు ఎక్కి కూర్చుంటుంది.

నీరు చీలినప్పుడు మిగిలే ప్రోటాన్లు (ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్‌లు) హరితరేణువు లోపల ఉండే థైలకాయిడ్ సంచుల్లో నిండుతాయి. శ్రీశైలం డ్యాం చూసినవారికి తర్వాతి సంగతి చెప్పనక్కర లేదు. ఒక పక్క నీళ్ళు నిండి, రెండో పక్క తక్కువగా ఉంటే, మధ్యలో టర్బైను తిరుగుతుంది. సంచి గోడలో నిజంగానే తిరిగే ఒక చక్రం ఉంది. పాలకూరలో ఆ చక్రానికి పద్నాలుగు భాగాలు. ప్రోటాన్లు దానిగుండా బయటికి దూకుతుంటే అది తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీ అణువులు, అంటే కణం పనులకు శక్తినిచ్చే సరుకు, తయారవుతాయి. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ మాట చెబితే చాలామంది నమ్మలేదు. 1966లో జాగెండార్ఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ సంచులను చీకట్లో ఆమ్లంలో నానబెట్టి, వెంటనే క్షారంలో ముంచాడు. వెలుగు చుక్క లేకుండానే ఏటీపీ తయారైంది. 1978లో మిచెల్‌కు నోబెల్ వచ్చింది.

ఎలక్ట్రాన్ సంగతి ఇంకా మిగిలే ఉంది. మొదటి కేంద్రం నుంచి బయలుదేరి దారిలో ప్రోటాన్లను తోడుతూ వచ్చేసరికి దాని బలం తగ్గిపోతుంది. రెండో కేంద్రంలో ఇంకో వెలుగు దెబ్బ తిని మళ్ళీ పైకెగిరి, చక్కెర తయారీకి ముడిసరుకుగా చేరుతుంది. అంటే ప్రతి ఎలక్ట్రాన్‌కూ రెండు దెబ్బలు. ఒక ఆక్సిజన్ అణువుకు తక్కువలో తక్కువ ఎనిమిది ఫోటాన్లు, అంటే ఎనిమిది వెలుగు రేణువులు.

ఈ రెండు కేంద్రాలే పుట్టుక కథకు తాళంచెవి. మీ బురద సీసాను గుర్తు చేసుకోండి. నేరేడు రంగు బాక్టీరియాలో ఉండే కేంద్రం మొక్క మొదటి కేంద్రానికి చుట్టం. కింది ఆకుపచ్చ బాక్టీరియాలోది రెండో కేంద్రానికి చుట్టం. ఆ బాక్టీరియాకు ఒక్కొక్క కేంద్రమే ఉంటుంది. రెండూ ఒకే గూటిలో, ఒకదాని వెనక ఒకటి పని చేసేది సయనోబాక్టీరియాలోనే, అంటే ఆక్సిజన్ వదిలే నీలి-ఆకుపచ్చ బాక్టీరియాలోనే. అవి ఒక దగ్గరికి ఎలా చేరాయన్న దాని మీద రెండు వాదాలున్నాయి. వేర్వేరు బాక్టీరియాల మధ్య జన్యువులు చేతులు మారి కలిశాయన్నది ఒకటి. ఒకే పూర్వీకుడిలో ఒక కేంద్రం రెండుగా మారి, తర్వాత కొందరు వారసులు ఒకదాన్ని, కొందరు రెండోదాన్ని పోగొట్టుకున్నారన్నది ఇంకొకటి. కేంద్రాల నిర్మాణంలో ఉన్న పోలికను బట్టి రెండింటికీ మూలం ఒకటేనన్నది మాత్రం గట్టిగానే చెప్పవచ్చు. మాంగనీసు కుర్చీ మాత్రం ఆక్సిజన్ చేసే జీవులన్నిటిలోనూ ఒకటే, మీ తొట్టిలో పాచి నుంచి మీ పెరట్లో వేప దాకా. నీటిని చీల్చే విద్య ఒక్కసారే పుట్టి, అందరికీ వారసత్వంగా వచ్చిందనడానికి అంతకన్నా ఏం కావాలి.

మొక్కలు ఆ విద్యను సొంతంగా నేర్వలేదు. వంద కోట్ల ఏళ్ళకు పైనే, ఒక కణం సయనోబాక్టీరియాను మింగి అరిగించుకోలేక లోపలే ఉంచుకుంది. ఆ అద్దెదారే హరితరేణువు. దానికి ఇప్పటికీ సొంత డీఎన్ఏ ఉంది. 1905లో రష్యా శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ అన్న ఈ మాటను 1967లో అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ మళ్ళీ ఎత్తి నిలబెట్టింది.

చక్కెర తయారీ గురించి ఎక్కువ చెప్పను, పాఠ్యపుస్తకంలో కాల్విన్ వలయం బొమ్మ బాగానే ఉంటుంది. కాల్విన్‌తో కలిసి పని చేసిన బెన్సన్ పేరు కూడా ఉండాల్సింది, 1961 నోబెల్ కాల్విన్ ఒక్కడికే ఇచ్చారు. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో అనే ఎంజైము మహా బద్ధకస్తురాలు, సెకనుకు మూడు అణువుల చొప్పున పట్టడం కూడా గొప్పే. పైగా గాలిలో ఆక్సిజన్ లేని కాలంలో పుట్టింది కాబట్టి రెండింటికీ తేడా సరిగ్గా తెలియదు. ఎండ ముదిరేకొద్దీ కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టి నష్టపరుస్తుంది. మన సీమ ఎండల్లో వేరుశనగకు ఈ నష్టం తప్పదు. జొన్న, సజ్జ, కొర్ర వేరే ఏర్పాటు చేసుకున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌ను ముందు వేరే కణాల్లో కూడగట్టి, రుబిస్కో ఉన్న గదిలోకి కిక్కిరిసేలా తోస్తాయి.

తెల్ల పెచ్చు

ఇక నన్ను మా కడప జిల్లాలోని వేంపల్లె దాకా నడిపించిన సంగతి. బోరు నీళ్ళ తొట్టిలో, గట్టి వెలుగు కింద పెరిగిన నాచు ఆకుల పైవైపు తెల్లటి పొర కడుతుంది. వేలితో రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. ఏళ్ళ తరబడి దాన్ని "నీళ్ళ దోషం" అనుకుని, అమ్మే ముందు బ్రష్షుతో గీకేవాణ్ణి. ఒకరోజు గమనించాను: అదే తొట్టిలో, అవే నీళ్ళలో, నీడన ఉన్న రెమ్మలకు పెచ్చు లేదు. దోషం నీళ్ళదైతే అన్నిటికీ పట్టాలి కదా.

పెచ్చు మీద నిమ్మరసం చుక్క వేస్తే చురచుర నురగ వస్తుంది. అది సున్నపురాయి. గీజరులో కట్టేది కూడా ఇదే. నీళ్ళు కాగినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, కాల్షియం ఇక కరిగి ఉండలేక కార్బోనేట్‌గా గోడకు పడుతుంది. తొట్టిలో ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మంట కాదు, ఆకు లాగేస్తోంది. వెలుగు ఎక్కువ ఉన్నచోట ఎక్కువ లాగుతుంది, అక్కడే ఎక్కువ పెచ్చు. ఇంట్లో కడప బండ మీద నిమ్మరసం పడితే పాలిష్ పోయి తెల్ల మచ్చ పడటం మన ఆడవాళ్ళందరికీ తెలిసిన బాధే. రాయిలో బంధించి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తున్న గుర్తు అది.

ఇప్పుడు నాచుకు బదులు, లోతులేని సముద్రం అడుగున జిగట చాపలా పరుచుకున్న సయనోబాక్టీరియాను ఊహించండి. అవి కార్బన్ డయాక్సైడ్‌ను లాగుతాయి, పెచ్చు పడుతుంది. నీటిలో కొట్టుకొచ్చిన మట్టి జిగటకు అంటుకుంటుంది. పైన మట్టి కప్పితే వెలుగు అందదు కాబట్టి చాప ఆ పొర మీదికి పాకి మళ్ళీ పరుచుకుంటుంది. మళ్ళీ పెచ్చు, మళ్ళీ మట్టి. అలా పొర మీద పొరగా లేచిన రాతి గుబ్బలే స్ట్రోమటోలైట్లు. అన్నిటికంటే పాతవి ఆస్ట్రేలియాలో సుమారు 348 కోట్ల ఏళ్ళవి. అక్కడే షార్క్ బే అనే చోట ఈనాటికీ బతికున్నవి కూడా పెరుగుతున్నాయి. కడప జిల్లాలో ఉన్నవి దాదాపు 190 కోట్ల ఏళ్ళ చుట్టుపక్కలవి. వేంపల్లె పేరు మీదే ఆ రాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో పేరుంది.

వాటికంటే ముందే, సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది. అంతకుముందు పుట్టిన ఆక్సిజన్‌ను సముద్రంలో కరిగిన ఇనుము, అగ్నిపర్వతాల వాయువులు ఎప్పటికప్పుడు మింగేసేవి. తినేవి చాలనప్పుడు మిగలడం మొదలైంది. ఆక్సిజన్ అప్పటి జీవుల్లో చాలావాటికి విషం. మీ బురద సీసాలోని నేరేడు రంగువారు కిందికి దాక్కున్నది ఆ విషానికి భయపడే.

వేంపల్లెలో ఏం చూడాలి

కడప నుంచి పులివెందుల వెళ్ళే బస్సెక్కి వేంపల్లెలో దిగండి. నవంబరు, జనవరి మధ్య అయితే మంచిది. ఊరి చుట్టూ ఉన్న గుట్టల్లో బూడిదరంగు డోలమైటు (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి) బండలు తేలి ఉంటాయి. ఎండా వానా తిని వాటి పైభాగం ఏనుగు తోలులా ముడతలు పడి ఉంటుంది. ముడతలను చూసి మోసపోవద్దు, అవి స్ట్రోమటోలైట్లు కావు. బండ పక్క నుంచి విరిగిన ముఖం వెతకండి. అక్కడ బోర్లించిన గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపు గీతలు కనబడతాయి. సగానికి కోసిన క్యాబేజీ గుర్తొస్తుంది. గీతల వంపు ఎటు ఉబికి ఉందో చూస్తే, ఆ రోజుల్లో వెలుగు ఎటు నుంచి వచ్చేదో, అంటే ఆ బండకు ఏది పైవైపో తెలుస్తుంది. దొర్లిపడిన బండల్లో గిన్నెలు తలకిందులుగా కూడా ఉంటాయి.

ఇళ్ళలో పరిచే నల్ల కడప బండలో వీటి కోసం వెతకవద్దు, అది వేరే సున్నపురాయి. నిమ్మకాయ తీసుకెళ్ళే పని కూడా లేదు, డోలమైటు నిమ్మరసానికి అంత సులువుగా నురగకట్టదు. సుత్తి అసలే వద్దు. తోటలో ఉన్న బండ అయితే రైతును ఒక మాట అడగండి. "రాయి చూడటానికి కడప నుంచి వచ్చారా!" అని నవ్వుతారు గానీ కాదనరు.

తీసుకెళ్ళాల్సింది ఒక్కటే, రెండో సీసా నీళ్ళు, తాగడానికి కాదు. పొడి బండ మీద గీతలు వెలిసిపోయినట్టు ఉంటాయి. విరిగిన ముఖం మీద నీళ్ళు పోస్తే ఒక పొర నల్లగా, ఒక పొర లేత బూడిదగా, మధ్యలో వెంట్రుకంత సన్నవి కూడా విడివిడిగా తేలతాయి. ఎండకు రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. ఫోటో తీసుకోవాలంటే నీళ్ళు పోయకముందే ఫోను చేతిలో పట్టుకోండి.